ఆగిన గుండె... అక్కరకొస్తుంది!

కొట్టుకుంటున్న గుండెనే మార్పిడికి తీసుకోవాలన్నది ఏళ్ల తరబడి నడిచిన రివాజు. పదేళ్లుగా అది మారుతోంది. మార్పిడి కేంద్రాలకు దూరంగా ఉన్న అనంతపురం లాంటి చోట ఈ మార్పు ఎవరికి, ఎలా పనికొస్తుంది?

గుత్తి నుంచి కొడికొండ దాకా 44వ నంబరు జాతీయ రహదారి ఉమ్మడి అనంతపురం జిల్లాను నిలువునా చీల్చుకుంటూ పోతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఈ నేల మీంచి కూలి పనులకు బెంగళూరు బస్సెక్కేవాళ్లదీ, చీనీకాయల లారీలదీ ఆ దారే. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఆస్పత్రికి చేరినవాళ్లలో కొందరికి మెదడు ఇక కోలుకోదు. గుండె మాత్రం గట్టిగానే ఉంటుంది.

ఆ గుండె మరొకరికి చేరడానికి మన దగ్గర ఇంతవరకూ నడుస్తున్న దారి బ్రెయిన్ డెత్. 1994 జులైలో అవయవ మార్పిడి చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దక్కింది. నెల తిరక్కుండానే, ఆగస్టు 3న, ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి జరిగింది. చేసింది రాజమహేంద్రవరంలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్. 2016 మేలో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం, 2023 జనవరిలో తిరుపతి శ్రీపద్మావతి హృదయాలయం ఆ దారిలోనే నడిచాయి.

కానీ బ్రెయిన్ డెత్ అని తేల్చడం తేలిక కాదు. నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేయాలి. మెదడు దాదాపు పూర్తిగా దెబ్బతిన్నా, ఏ చిన్న స్పందన మిగిలినా ఆ మాట అనడానికి లేదు. అలాంటి రోగికి కుటుంబం ఒప్పుకొని వెంటిలేటర్ తీసేస్తే కాసేపటికి గుండె ఆగుతుంది. అలా ఆగిన గుండె పనికిరాదనే ఇన్నాళ్లూ వదిలేశారు.

ఆగితే పాడైనట్టేనా?

కరెంటు పోయి ఆగిన బోరు మోటారును కాలిపోయిందని ఏ రైతూ పారేయడు. గుండె సంగతీ అంతే. ఇక్కడ గుండెకు జబ్బు లేదు, దానికి ఆక్సిజన్ అందకనే ఆగింది. అయితే ఒంటి వేడిలో రక్తం అందకుండా గడిచే ప్రతి నిమిషం కండరాన్ని తినేస్తుంది. రక్తపోటు బాగా పడిపోయినప్పటి నుంచి మళ్లీ రక్తమో, కాపాడే ద్రావణమో అందేదాకా దాదాపు అరగంట మించకూడదన్నది సర్జన్ల లెక్క. గుండె ఆగి, సీపీఆర్‌తో మళ్లీ కొట్టుకుని, ఆ తర్వాత బ్రెయిన్ డెత్ అయినవారి గుండె విషయం వేరు. దాన్ని ఎకోలో చూసి, బాగుంటే ఇప్పుడూ తీసుకుంటున్నారు.

పెట్టెలో కొట్టుకునే గుండె

2014లో సిడ్నీలోని సెయింట్ విన్సెంట్స్ ఆస్పత్రి ఈ లెక్కను నిజం చేసి చూపింది. ఆగిన గుండెను తీసి ఒక యంత్రంలో అమర్చారు. దాత రక్తాన్నే అందులో 34 డిగ్రీల వేడి దగ్గర తిప్పుతూ ఉంటే, గాజులాంటి మూత కింద గుండె మళ్లీ కొట్టుకోసాగింది. ఆక్సిజన్ చాలనప్పుడు కండరంలో పేరుకునే లాక్టేట్ ఆ రక్తంలో తగ్గుతుంటే గుండె కోలుకుంటున్నట్టు, పెరుగుతుంటే వదిలేయాల్సిందే.

అమెరికాలో జరిగిన పోలిక అధ్యయనం 2023లో వెలువడింది. ఇలాంటి గుండె అమర్చినవారిలో 94 శాతం, బ్రెయిన్ డెత్ దాతల గుండె అమర్చినవారిలో 90 శాతం ఆరు నెలల తర్వాత బతికే ఉన్నారు. అంటే కొత్త పద్ధతి పాతదానికి తీసిపోలేదు. యంత్రం ఖరీదే అసలు అడ్డంకి. ఆగిన గుండెను మళ్లీ కొట్టించకుండానే, ఆక్సిజన్ నిండిన చల్లని ద్రావణంతో కాపాడి ముగ్గురికి అమర్చినట్టు అమెరికాలోని వాండర్‌బిల్ట్ వైద్యులు 2025లో వెల్లడించారు. పేద దేశాలకు ఆశ ఇటువైపే.

మనిషి పోయినట్టేనా?

'ఆగిన గుండె మళ్లీ కొట్టుకుంటే మనిషి బతికున్నట్టే కదా?' ఊళ్లో ఎవరైనా అడిగే ప్రశ్న ఇది. అడగాల్సిన ప్రశ్న కూడా. వెంటిలేటర్ తీయాలన్న నిర్ణయంలో మార్పిడి బృందానికి వేలు పెట్టే హక్కు ఉండదు. గుండె ఆగాక బ్రిటన్‌లో ఐదు నిమిషాలు, ఇటలీలో ఏకంగా ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టుకోరు. ఆ ఇరవై నిమిషాలు ఆగాక తీసిన గుండెను కూడా 2023 మేలో ఇటలీలోని పాదువాలో విజయవంతంగా అమర్చారు. గుండెను దాత ఒంట్లోనే తిరిగి నడిపించే పద్ధతిపై మాత్రం వైద్యుల్లోనే వాదం తెగలేదు.

అనంతపురం లెక్క

మన చట్టం మరణాన్ని రెండు విధాలుగానూ ఒప్పుకుంటుంది: మెదడు కాండం ఆగిపోయినా, గుండె-ఊపిరి ఆగిపోయినా. వెంటిలేటర్ తొలగింపుపై సుప్రీంకోర్టు 2018లో దారి చూపి, 2023లో దాన్ని కాస్త తేలిక చేసింది. లోటు ఉన్నది ఆచరణలో. చల్లని పెట్టెలో గుండె గడువు సుమారు నాలుగు గంటలు. తిరుపతికి రోడ్డు మీద వెళ్తే అది దారికే సరిపోతుంది. అనంతపురంలో విమానాశ్రయం లేదు, ఉన్న రన్‌వే పుట్టపర్తిలో.

కాబట్టి ముందు చేయాల్సింది కొత్త యంత్రం కొనడం కాదు. మార్పిడి జరగని ఆస్పత్రులు కూడా అవయవాల సేకరణ కేంద్రాలు కావచ్చని 2011 సవరణ చెబుతోంది. ఐసీయూల్లో బ్రెయిన్ డెత్ పరీక్షలు తప్పకుండా జరగాలి. ఆ అలవాటు కుదిరిన చోటే ఆగిన గుండెనూ అందుకోగలం.

ఇంట్లో కన్నుమూసినవారి గుండె ఎవరికీ ఇవ్వలేం. కళ్లు మాత్రం ఆరు గంటల్లోపు ఇవ్వొచ్చు. రాష్ట్ర అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోండి. అంతకన్నా ముందు మీ మనసులో మాట ఇంట్లోవాళ్లకు చెప్పండి. రేపు ఐసీయూ బయట సంతకం పెట్టాల్సింది వాళ్లే.