రెండు నిమిషాల వంట

పొద్దున్నే ఆఫీసుకి పరుగు. అందుకే మా పన్నెండేళ్ల పాప టిఫిన్ డబ్బాలో రోజూ నూడుల్సే. అందులో ఉండేది చాలావరకు మైదా, పామాయిల్, ఉప్పేనని తెలుసు. అయినా పాప బొద్దుగా ఉందని మురిసిపోయాను కూడా! మొన్న రెండో అంతస్తు మెట్లెక్కి తను ఆయాసపడుతుంటే గుండె గుభేలుమంది. అద్దంలో చూసుకుంటే... నేనూ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 36 మంది ఉండాల్సిన దానికన్నా బరువున్నవాళ్లే. వాళ్లలో నేనూ ఒకదాన్నన్నమాట!

ఇప్పుడు రాత్రే పెసలు నానబోస్తున్నా. పొద్దున మావారు పిండి రుబ్బుతారు, నేను అట్లు పోస్తాను. పనంతా ఒక్కదాని నెత్తినే పడితే మళ్లీ ఆ ప్యాకెట్టే గతి కదా! మరి మీ ఇంట్లో పిండి ఎవరు రుబ్బుతున్నారు?