మారణాయుధ నిర్వచనం – జ్యూరీకి చేసే సూచనలు

కాలిఫోర్నియా శిక్షాస్మృతి 245వ సెక్షను ప్రకారం మారణాయుధంతో దాడి చేయడం ప్రత్యేక నేరం. ఏది మారణాయుధమో న్యాయమూర్తి నిర్వచించి చెబుతారు; ఆ నిర్వచనాన్ని వాస్తవాలకు అన్వయించి తేల్చేది జ్యూరీ. అక్కడి న్యాయస్థానాలు ఆయుధాలను రెండు విధాలుగా గుర్తించాయి. బాకు వంటివి స్వభావరీత్యానే మారణాయుధాలు. తక్కినవి వాడిన తీరును బట్టి మారణాయుధాలవుతాయి. మామూలు కత్తి ఈ రెండవ కోవకే చెందుతుంది. కూరలు తరిగేదీ కత్తే కదా! చేతులు, కాళ్లు శరీర భాగాలే గనుక అవి ఆయుధాలు కావని 1997లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది.

చిక్కంతా రెండు నిర్వచనాలనూ కలిపి చెప్పినప్పుడే వస్తుంది. అట్టపెట్టెలు కోసే బాక్స్ కట్టర్‌తో జరిగిన ఒక దాడి కేసులో న్యాయమూర్తి అలాగే చెప్పారు. ఆ పనిముట్టు స్వభావరీత్యా మారణాయుధం కాదు కనుక మొదటి నిర్వచనం అక్కడ వర్తించదు. జ్యూరీ మాత్రం ‘దోషి’ అన్నదే తప్ప, ఏ నిర్వచనాన్ని అనుసరించిందో చెప్పలేదు. చెప్పవలసిన పనీ లేదు. అప్పీలు కోర్టు ఆ నేరనిర్ధారణను రద్దు చేసింది. 2019లో సుప్రీంకోర్టు దానిని పునరుద్ధరించింది. రికార్డు మొత్తాన్ని పరిశీలిస్తే, ఆ పొరపాటు తీర్పును ప్రభావితం చేయలేదని సహేతుక సందేహానికి తావులేకుండా తేలుతోందని అభిప్రాయపడింది. ఈ ప్రమాణం కఠినమైనదే. అయినా జ్యూరీ మనసులో ఏముందో ఊహించక తప్పని స్థితి అది.

భారతదేశంలో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటు లేదు. భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షను కింద ఆయుధం ప్రమాదకరమా కాదా అన్నది న్యాయమూర్తే నిర్ణయించి, కారణాలు రాయాలి. అప్పీలు కోర్టు ఆ రాతను కూడా పరిశీలిస్తుంది.