చిన్ననేరములు — నిర్బంధము — రైతు హక్కులు

గట్టు తగవునకో, పశువుల మేతకో ఠాణానుండి పిలుపు వచ్చినచో బెదరవలదు. 2024 జులై 1 నుండి అమలునందున్న నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షను ననుసరించి, ఏడేండ్లకు మించని శిక్షగల నేరములందు, నిర్బంధ మవసరము కానియెడల పోలీసువారు నోటీసే యియ్యవలెను. ఆ ప్రకారము హాజరగువానిని కారణము వ్రాయక పట్టరాదు.

పట్టినచో కారణము చెప్పి, బంధువులకు తెలిపి, ప్రయాణకాలముగాక 24 గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. కావున పట్టిన వేళను వ్రాసియుంచుడు. గడువు దాటినచో హైకోర్టులో హెబియస్ కార్పస్ దరఖాస్తు చేయవచ్చును. నిర్హేతుకముగా పట్టించినవానిచే వేయి రూపాయలవరకు పరిహార మిప్పించు అధికారము మేజిస్ట్రేటునకు గలదు.

నిర్బంధములోను హక్కు నశింపదు. 1977లో కోవెలకుంట్ల సబ్‌జైలుపై బాంబులు పడి బందీ యొకడు మరణింపగా, ప్రభుత్వము 1,44,000 రూపాయల పరిహార మియ్యవలసినదేయని 2000లో సుప్రీంకోర్టు స్థిరపరచెను. నిర్బంధితునకు న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలు నిచ్చును, అడుగుటకు సంకోచింపకుడు.