లైమ్ రీజిస్ పట్టణము – శిలలను చదివిన వనిత

ఇంగ్లండు దక్షిణతీరమున, డార్సెట్టు మండలమందు, లైమ్ రీజిస్ అను చిన్న రేవుపట్టణము గలదు. 1284లో మొదటి ఎడ్వర్డు రాజు సనదు నొసంగుటచే దాని పేరునకు ‘రాజుది’ యను అర్థముగల ‘రీజిస్’ చేరినది. సముద్రములోనికి వంపుదిరిగి చొచ్చుకొనిపోయిన ‘కాబ్’ అను రాతికట్ట యచ్చటి వింత. జేన్ ఆస్టిన్ తన ‘పర్స్యుయేషన్’ నవలలో నొక కన్యను ఈ కట్ట మెట్లపైనుండియే పడవైచినది. యాత్రికులు పెక్కురు ఆ మెట్లను చూచి, ఐస్‌క్రీము తిని మరలిపోవుదురు. నా మనస్సు మాత్రము ప్రక్కనున్న కొండచరియల వైపునకే పోయినది.

సోదరీమణులారా! ఈ యూర 1799లో మేరీ ఆనింగ్ అను బాలిక యొక వడ్రంగి యింట జన్మించెను. తండ్రి తీరిక వేళల ఈ చరియలలో శిలాజములను, అనగా రాయిగా మారిన ప్రాచీనజీవుల యవశేషములను, ఏరి యాత్రికులకు అమ్ముచుండెడివాడు. 1810లో అతడు అప్పులు మిగిల్చి గతించెను. అటుపిమ్మట ఆ యేరుకొనుటయే యింటికి కూడు పెట్టినది. మరుసటి యేట అన్న యొక పెద్ద పుఱ్ఱెను కనుగొనగా, 1812లో మేరీ తక్కిన యస్థిపంజరమును వెదకి బయల్పఱచెను. అది ఇక్తియోసారస్ అను సముద్రసరీసృపము. 1823లో ప్లీసియోసారస్ యొక్క సంపూర్ణమైన కంకాళమును, 1828లో ఱెక్కలుగల సరీసృపమును ఆమెయే కనుగొనెను.

ఇది కూర్చుండి చేయు పని కాదు. శీతకాలపు తుపానులకు సున్నపురాయియు బంకమన్నును పొరలుపొరలుగా విరిగిపడును. పడిన వెంటనే యేరుకొననిచో అలలు కొనిపోవును. మృత్యువు పొంచియుండునదియు నా వేళయే. 1833లో విరిగిపడిన చరియ క్రింద ఆమె కుక్క మరణించెను. ఆమె వెండ్రుకవాసిలో తప్పించుకొనెను.

ఆమె బడిచదువు స్వల్పము. అయినను శాస్త్రవ్యాసములను ఎరవు దెచ్చి స్వహస్తముతో నకలు వ్రాసికొని చదివెను. చేపలను కోసి యెముకల యమరిక నేర్చుకొనెను. పండితులు ఆమెయొద్ద శిలాజములను కొని తమ పేర వ్యాసములు ప్రకటించిరి. పెక్కింట ఆమె పేరే లేదు. లండను భూగర్భశాస్త్ర సంఘము స్త్రీలను సభ్యులుగా చేర్చుకొన్నది 1919లో. ఆమె 1847లోనే గతించెను.

ఆ సంఘీయులే 1850లో ఊరి చర్చిలో ఆమె జ్ఞాపకార్థము రంగుటద్దముల కిటికీ పెట్టించిరి. అందలి చిత్రములు అన్నదానము, రోగుల పరామర్శ మున్నగు దయాకార్యములు. సుత్తి చేతబట్టిన స్త్రీని చిత్రించుటకు మనసొప్పలేదు కాబోలు! ఒక పాఠశాల బాలిక ప్రారంభించిన ప్రయత్నము ఫలించి, 2022 మే నెలలో ఆమెకు కంచువిగ్రహము వెలసినది. ప్రక్కన ఆ కుక్కయు నున్నది.

అచ్చటికి పోవువారు ముందుగా మ్యూజియమును చూడవలెను. అది ఆమె పుట్టిన యింటి స్థలముననే యున్నది. ఆటుపోటుల వేళలు తెలిసికొని, నీరు తీయుచున్నపుడే తీరమునకు దిగవలెను. చరియల క్రింద నిలువరాదు, వానిని త్రవ్వరాదు. విడిగా పడియున్న గులకరాళ్లలో వెదకినను పిల్లలకు చిన్న శిలాజ మొకటి దొరకవచ్చును.