మీకు తెలుసా? తలుపు వెడల్పైతే దూలమూ మారాలి

అమెరికాలో ఇల్లు కొన్నాక పెరటివైపు ఉన్న ఒంటిరెక్క తలుపు తీసేసి, ఆ జాగాలో వెడల్పాటి అద్దాల స్లైడింగ్ డోర్ పెట్టుకోవాలని చాలామంది తెలుగువాళ్లకి ఉంటుంది. పనివాళ్ల కూలి అక్కడ ఎక్కువ కాబట్టి మనమే బిగించుకుందామనే ఆలోచనా వస్తుంది. నిజంగానే బిగించుకోవచ్చు. రంపం పట్టేముందు ఈ సంగతులు తెలిసుండాలి.

ఆరడుగుల స్లైడింగ్ డోర్ పెడితే నడిచే దారి రెట్టింపు కాదు. రెండు రెక్కల్లో ఒకటి ఎప్పుడూ కదలదు, రెండోది దాని వెనక్కి జరుగుతుంది. చట్రం మందం పోగా మిగిలే దారి మూడడుగుల లోపే, అంటే పాత 36 అంగుళాల తలుపు ఇచ్చినంతే. సోఫాలు, పెద్ద బల్లలు అటూ ఇటూ మోయాలంటే ఎనిమిదడుగులది చూసుకోవాలి. ఆరడుగులదానితో దక్కేది వెలుతురు. సాయంత్రం అయిదు కాకముందే చీకటిపడే చలికాలాల్లో అది చిన్న లాభమేమీ కాదు.

ఆర్డర్ కాగితంలో ‘ఓఎక్స్’, ‘ఎక్స్ఓ’ అని కనిపిస్తే కంగారు వద్దు. ఎక్స్ కదిలే రెక్క, ఓ కదలనిది. మామూలుగా ఇంటి బయట నిలబడి చూసిన వరస అది. లోపలినుంచి అనుకుని రాసిస్తే తలుపు తెరుచుకునే వైపు తారుమారవుతుంది.

ఇక అసలు సంగతి దూలం. అక్కడి ఇళ్లలో ఎక్కువవాటికి గోడలోపల ఉండేది చెక్క చట్రమే. స్టడ్‌లనే నిలువు చెక్కలు సాధారణంగా 16 అంగుళాలకొకటి చొప్పున నిలబడి పైకప్పును మోస్తాయి. తలుపున్న మేర అవి ఉండవు కాబట్టి, పైన హెడర్ అనే దూలాన్ని అడ్డంగా వేసి ఆ బరువును రెండు పక్కలకీ మళ్లిస్తారు. మూడడుగుల తలుపుకి వేసిన హెడర్ ఆరడుగులకి చాలదు. అడుగుకి పడే బరువు అంతే ఉన్నా, దూలం పొడవు రెట్టింపైతే దాన్ని వంచే బలం నాలుగు రెట్లవుతుంది, కుంగడం ఏకంగా పదహారు రెట్లవుతుంది! ఇందులోనే ఒక ఊరటా ఉంది. దూలం నిలువు కొలత రెట్టింపు చేస్తే గట్టితనం ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందుకే వెడల్పాటి తలుపుల మీద చెక్కను పడుకోబెట్టరు, నిలబెడతారు.

హెడర్ కొద్దిగా కుంగినంత మాత్రాన ఇల్లు కూలదు. కానీ ఆ ఒత్తిడి తలుపు చట్రం మీద పడి రెక్క బిగుసుకుపోతుంది. లోపం పైన ఉంటే చక్రాలు మార్చి లాభం లేదు. చట్రానికీ హెడర్‌కీ మధ్య కాస్త ఖాళీ వదిలేదీ ఇందుకే. ఎంత దూలం కావాలన్నది పైన ఎన్ని అంతస్తులున్నాయి, ఇల్లు ఎంత వెడల్పు, ఏటా ఎంత మంచు పడుతుంది అన్నవాటిని బట్టి ఉంటుంది. మిన్నెసోటాకీ ఫ్లోరిడాకీ ఒకే జవాబు కుదరదు. తక్కిన పని ఎంతైనా సొంతంగా చేసుకోండి, ఈ ఒక్క లెక్క మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరు చేత వేయించుకోండి.

పాత హెడర్ తీసేముందు ఇంటిలోపల, గోడకి కాస్త ఎడంగా తాత్కాలికంగా ఒక చెక్క గోడ నిలిపి, పైకప్పు బరువును దానికి అప్పగించాలి. తలుపు పక్కనే స్విచ్‌లుంటాయి, అంటే గోడలో వైర్లూ ఉంటాయి. వాటిని ముందే పక్కకి మార్పించుకోవాలి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత రంగులో సీసం ఉండే వీలుంది, పరీక్ష చేయకుండా గీకొద్దు. గోడ కోసి వెడల్పు చేసే పనికి సిటీ పర్మిట్ కావాలి. హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీ అయితే వాళ్ల అనుమతి దానికి అదనం.

మనవాళ్లు బాగా స్థిరపడిన డాలస్ చుట్టుపక్కల ఇంకో రెండు జాగ్రత్తలు. అక్కడ చాలా ఇళ్లకి బయటివైపు ఇటుక వరస ఉంటుంది. దాన్ని లోపలి చెక్క హెడర్ మోయదు, ఇటుకల కింద విడిగా ఇనుప లింటెల్ పడాలి. నేల స్లాబులో బిగించి లాగిన ఉక్కు తీగలుండొచ్చు. గడప బిగించడానికి లోతుగా డ్రిల్ చేసి ఆ తీగ తెగితే ప్రాణానికే ముప్పు.

ఇల్లంతటికీ స్లైడింగ్ డోర్లే పెట్టుకుంటే కుదరదు. అక్కడ ఎక్కువచోట్ల పాటించే నివాస కట్టడాల కోడ్ ప్రకారం, ఆపదలో బయటపడటానికి కనీసం ఒక్కటైనా పక్కన బందులున్న మామూలు తలుపు ఉండాలి. దాని దారి 32 అంగుళాలకి తగ్గకూడదు.

తలుపు పైన దూలం ఎంత ముఖ్యమో, కింద గడపా అంతే ముఖ్యం. లెవెల్ కాస్త తప్పినా రెక్క తనంతట తనే జారుతుంది, గొళ్లెం కలవదు. గడప కింద నీళ్లు పట్టి బయటికి పంపే పళ్లెం లాంటి సిల్ పాన్ వేయాలి. వాన నీటిని ఆపే టేపులు పెంకుటింటి పెంకుల వరసలోనే పడాలి: ముందు కిందది, తర్వాత పక్కలవి, చివర్న పైది. వరస తిరగబడితే నీళ్లు గోడలోకే దిగి, బయటికి ఏమీ కనబడకుండా చెక్క లోలోపల కుళ్లిపోతుంది. చట్రం మూలల నుంచి మూలలకి ఏటవాలుగా కొలిచిన రెండు కొలతలూ సమానమయ్యాకే స్క్రూలు బిగించండి. పక్క సందుల్లో తక్కువగా ఉబ్బే ఫోమ్ మాత్రమే కొట్టాలి, బాగా ఉబ్బే రకం చట్రాన్ని లోపలికి నెట్టేస్తుంది.

ఈ తలుపులకి పగిలినా ప్రమాదం తక్కువగా ఉండే సేఫ్టీ గాజే వాడాలని అమెరికాలో 1977లోనే నియమం వచ్చింది. మామూలుగా వాడేది టెంపర్డ్ గాజు. దాన్ని 600 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పగిలితే మొద్దుబారిన చిన్న ముక్కలవుతుంది. అలా తయారయ్యాక దాన్ని కోయడం కుదరదు, కోయబోతే పలకంతా పగిలిపోతుంది. దాని బలహీనత అంచుల్లో ఉంది కాబట్టి మోసేటప్పుడు కాంక్రీటు మీద నేరుగా దించొద్దు. బరువూ తక్కువ కాదు, ఇద్దరు ముగ్గురుండాలి.

తలుపులోని రెండు గాజు పలకల మధ్య నింపే ఆర్గాన్ వాయువు మామూలు గాలికన్నా మూడోవంతు తక్కువగా వేడిని మోస్తుంది. అయినా అద్దం గోడకి సాటిరాదు. టెక్సస్ ఎండకైతే లేబుల్ మీద ఎస్‌హెచ్‌జీసీ (ఎండ వేడిని ఎంత లోపలికి రానిస్తుందో చెప్పే అంకె), మిన్నెసోటా చలికైతే యూ-ఫ్యాక్టర్ (ఇంట్లో వేడి ఎంత బయటికి పోతుందో చెప్పే అంకె) తక్కువగా ఉన్నది ఎంచుకోండి.

రెక్క జరిగే పట్టాలో బయటివైపు చిన్న రంధ్రాలుంటాయి. వాటిని లోపం అనుకుని సిలికాన్‌తో మూసేయకండి, వాన నీళ్లు పోయే దారులవి. హైదరాబాద్ ఫ్లాట్లలోని యూపీవీసీ బాల్కనీ తలుపులకీ ఉంటాయి. దుమ్ము పేరుకుని అవి మూసుకుపోతే నీళ్లు హాల్లోకొస్తాయి.

అన్నట్టు, పక్షుల సంగతి. అమెరికాలో కట్టడాలకి గుద్దుకుని ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల దాకా పక్షులు చనిపోతున్నాయని 2014లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. అద్దంలో కనిపించే చెట్టును అవి నిజమనుకుంటాయి. ఒక్క స్టిక్కర్ అంటిస్తే సరిపోదు. రెండేసి అంగుళాల ఎడంతో చుక్కలు అద్దమంతా, అదీ బయటివైపే అంటించాలి. లోపల అంటిస్తే ప్రతిబింబం వాటిని కప్పేస్తుంది.