చింగెల్ నడిచిన కొండదారి

1875 జులైలో ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్ శిఖరాన్ని చేరిన ఒక బృందంలో కుక్క కూడా ఉంది. దాని పేరు చింగెల్. బీగిల్ పోలికలున్న ఆ చిన్నపాటి ఆడకుక్క 4,800 మీటర్లకు పైగా ఎత్తున్న కొండను మనుషులతో పాటే ఎక్కేసింది.

1865లో పిల్లగా ఉన్నప్పుడే స్విట్జర్లాండ్‌లోని చింగెల్ కనుమను దాటడంతో దానికి ఆ పేరు పెట్టారు. మూడేళ్ల తర్వాత గైడు క్రిస్టియన్ ఆల్మర్ దాన్ని అమెరికా కుర్రాడు కూలిడ్జ్‌కు బహుమతిగా ఇచ్చాడు. అప్పటి నుంచి కూలిడ్జ్, ఆయన తల్లి తోబుట్టువు మెటా బ్రెవూర్ట్ ఎక్కిన ఎన్నో శిఖరాలను అదీ ఎక్కింది. మంచు, రాళ్లు పాదాలను కోసేయకుండా తోలు బూట్లు తొడిగి చూశారు గానీ చింగెల్ వాటిని ఉంచుకోలేదు. లండన్‌లోని ఆల్పైన్ క్లబ్ వాళ్లు దాన్ని గౌరవ సభ్యురాలని ముద్దుగా పిలుచుకున్నారు. అదే క్లబ్ 1970ల దాకా ఆడవాళ్లను మాత్రం చేర్చుకోలేదు!

పొట్టి కాళ్లున్నంత మాత్రాన కుక్క కొండెక్కలేదని అనుకోనక్కర్లేదు. వేసవిలో దాన్ని ఆపేది ఎండ.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో పట్టే కాస్త చెమటతో ఒళ్లు చల్లబడదు. నాలుక బయటపెట్టి రొప్పుతూనే అది వేడిని వదిలించుకోవాలి. చిన్న కుక్క పొట్ట నేలకు జానెడు ఎత్తులోనే ఉంటుంది కాబట్టి కాలిన బండల సెగ నేరుగా తగులుతుంది. బయల్దేరే ముందు అరచేతి వెనుకభాగాన్ని బండకు ఆనించి ఏడు సెకన్లు ఉంచి చూడాలి. మన చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

రొప్పడం ఆగకపోయినా, చిగుళ్లు ఎర్రబారినా, చొంగ చిక్కబడినా, నడక తూలినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి, విసురుతూ పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. అందుకే అనుభవమున్నవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరతారు. ఆల్ప్స్‌లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడటమూ మామూలే కాబట్టి ఆ వేళకు దిగిపోవడం రెండు విధాలా మంచిది.

చింగెల్ తిరిగిన స్విట్జర్లాండ్‌లో ఇప్పుడు చిన్న కుక్కలకు సదుపాయాలు బాగానే ఉన్నాయి. భుజం ఎత్తు 30 సెంటీమీటర్లలోపు ఉన్న కుక్కను బుట్టలోనో సంచిలోనో పెట్టుకుంటే రైల్లో టికెట్ అక్కర్లేదు. పసుపు గుర్తులున్న బాటలు తేలిక. తెలుపు–ఎరుపు–తెలుపు గుర్తులున్నవి నిటారైన కొండదారులు. తెలుపు–నీలం–తెలుపు గుర్తు కనిపిస్తే చిన్న కుక్కతో వెనుదిరగడమే మేలు. స్విస్ నేషనల్ పార్కులోకైతే గొలుసు కట్టినా కుక్కను రానివ్వరు.

అక్కడి పచ్చికబయళ్లలో దూడలతో మేసే ఆవుల దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి. దూడకు ముప్పు వచ్చిందనుకుంటే ఆవు మీదికి ఉరుకుతుంది. అప్పుడు కుక్కను ఎత్తుకుని గుండెకు హత్తుకోవాలనిపిస్తుంది. అలా చేస్తే ఆవు మనిషి మీదికే వస్తుంది. గొలుసు వదిలేస్తే కుక్క తన దారి తాను చూసుకుంటుంది. అంతదాకా రాకుండా మందకు దూరంగా చుట్టు తిరిగి పోవడమే ఉత్తమం. కుక్క మలాన్ని ఎత్తి సంచిలో వేసుకోవడమూ తప్పనిసరి. అందులో ఉండే నియోస్పోరా అనే పరాన్నజీవి వల్ల ఆవులకు గర్భస్రావాలు కావచ్చు.

చింగెల్‌కు పొడవాటి మూతి ఉంది, ఏళ్ల తరబడి కొండల్లో తిరిగిన అలవాటూ ఉంది. మన ఇళ్లలో ముద్దుగా పెంచుకునే పగ్, షిట్జూల మూతులు చప్పిడివి. ఊపిరి దారి ఇరుకు కావడంతో అవి వేడికి త్వరగా లొంగిపోతాయి. వాటిని వేసవి సెలవుల్లో కొండలకు తీసుకెళ్లాలనుకుంటే ముందుగా పశువైద్యుడికి చూపించండి. ఆయన వద్దంటే ఆ నడక మానేయండి.