దత్తత కుక్క, దాచిన నిజం

డాలస్‌లోనో శాన్‌హోసేలోనో ఉంటున్న మనవాళ్లు పిల్లల పోరు పడలేక కుక్కను తెచ్చుకోవాలనుకుంటే, ఎక్కువగా వినిపించే సలహా ఒకటే: కొనకండి, దత్తత తీసుకోండి. మంచి సలహానే. అయితే ఇంటికొచ్చిన వారానికే అది పార్వో వైరస్‌తో పడకేసినా, అంతకుముందే ఎవరినో కరిచిందని తెలిసినా గొడవ మొదలవుతుంది. ఆ గొడవ కోర్టుకెక్కితే కుక్క మంచిదా చెడ్డదా అన్నది పెద్దగా లెక్కలోకి రాదు. ఇచ్చినవాళ్లకు ఏం తెలుసు, ఏం చెప్పారు, ఏం దాచారు అన్నదే ప్రశ్న. అది తెలియక పుట్టిన అపోహలే ఎక్కువ.

అపోహ: రెస్క్యూ సంస్థ అంటే సేవే, అక్కడ మోసం ఉండదు.

వాస్తవం: చాలామంది చేతి డబ్బు పెట్టుకుని నిజాయతీగా నడుపుతున్నవాళ్లే. కానీ ఆ పేరుకున్న గౌరవాన్నే పెట్టుబడి చేసుకున్నవాళ్లూ ఉన్నారు. పెట్ షాపులు షెల్టర్ల నుంచి, రెస్క్యూ సంస్థల నుంచి వచ్చిన కుక్కలనే అమ్మాలన్న చట్టం కాలిఫోర్నియాలో 2019 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కుక్కలను గుట్టలుగా ఈనించి అమ్మే పప్పీ మిల్లులకు అడ్డుకట్ట వేయాలన్నది ఉద్దేశం. వ్యాపారం ఆగలేదు, బోర్డు మార్చుకుంది. అయోవా రాష్ట్రంలోని ‘హోబో కె-9 రెస్క్యూ’, ‘రెస్క్యూ పెట్స్ అయోవా’ సంస్థలు అమ్మకానికి పెంచిన జాతి కుక్కపిల్లలనే కాపాడిన కుక్కలుగా చూపించి వేరే రాష్ట్రాలకు పంపుతున్నాయని అయోవా అటార్నీ జనరల్ 2019లో దావా వేశారు. మరుసటి ఏడాది కేసు రాజీతో ముగిసింది. రెండు సంస్థలూ మూతపడ్డాయి, ప్రతివాదులు 60 వేల డాలర్లు కట్టాల్సి వచ్చింది. 2021 నుంచి కాలిఫోర్నియా షాపుల్లో కుక్కల అమ్మకాన్నే నిషేధించి, అక్కడ రెస్క్యూ సంస్థలు దత్తత ఇస్తే ఫీజు 500 డాలర్లు దాటకూడదన్నారు. ఎనిమిది వారాల జాతి కుక్కపిల్లను ‘రెస్క్యూ’ అంటూ వేల డాలర్లు అడిగితే, దేని నుంచి కాపాడారో చెప్పమనండి.

అపోహ: జబ్బు కుక్కను అంటగడితే ‘లెమన్ లా’ కింద డబ్బు తిరిగొస్తుంది.

వాస్తవం: లోపమున్నది అంటగట్టినవారిని బాధ్యులను చేసే ఆ చట్టాలు ప్రధానంగా అమ్మకందారులకే వర్తిస్తాయి. కాలిఫోర్నియాలో పెంపకందారు అమ్మిన కుక్క 15 రోజుల్లో జబ్బుపడినా, ఏడాదిలోపు వంశపారంపర్య లోపం బయటపడినా కొన్నవారికి హక్కులుంటాయి. షెల్టర్లకు, రెస్క్యూ సంస్థలకు అది వర్తించదు. మీకు మిగిలేవి ఒప్పందం, మోసం గురించిన మామూలు న్యాయసూత్రాలే.

అపోహ: ‘ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నాను’ అని సంతకం పెట్టాక ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: సగం నిజం. ఎవరికీ తెలియని జబ్బు తర్వాత బయటపడితే ఆ సంతకం సంస్థను కాపాడుతుంది. తెలిసి చెప్పిన అబద్ధాన్ని మాత్రం సాధారణంగా కాపాడదు. వాళ్లకు తెలుసని రుజువు చేయాల్సిన బరువు మీదే కాబట్టి పాత వైద్య రికార్డులు, ప్రకటన స్క్రీన్‌షాట్లు, మెసేజ్‌లు చెరిపేయకండి. జాతి విషయంలో పొరపాటు వేరే సంగతి. చూపును బట్టి జాతి చెప్పడంలో షెల్టర్ సిబ్బందీ తరచూ తప్పుతారు, అది అంచనా మాత్రమే. కరిచిన చరిత్ర అలా కాదు. తెలిసిన కాటు సంగతి తీసుకునేవారికి చెప్పి తీరాలని వర్జీనియా 2018లో చట్టం చేసింది. 2020 నుంచి కాలిఫోర్నియాలోనూ అలాంటి నిబంధన ఉంది.

అపోహ: గెలిస్తే మనోవేదనకూ పరిహారం దక్కుతుంది.

వాస్తవం: అమెరికా చట్టం దృష్టిలో కుక్క ఆస్తి. పెంపుడు కుక్క చనిపోతే మమకారానికి వెల కట్టలేమని టెక్సస్ సుప్రీంకోర్టు 2013లో తేల్చేసింది. ఫీజు, వైద్యం బిల్లుల వరకు ఆశ పెట్టుకోవచ్చు.

అపోహ: ఫీజు కట్టాం, ఇక కుక్కను ఎవరికిచ్చినా మా ఇష్టం.

వాస్తవం: టీవీ వ్యాఖ్యాత ఎలెన్ డిజెనరస్ 2007లో దత్తత తీసుకున్న కుక్కను తన హెయిర్‌డ్రెసర్ కుటుంబానికి ఇస్తే, ఒప్పందం చూపించి సంస్థ దాన్ని వెనక్కి తీసుకుపోయింది. ఆమె టీవీలో కన్నీళ్లు పెట్టుకున్నా సంస్థ దిగిరాలేదు. ఒప్పందం రెండు వైపులా కట్టేస్తుంది. దరఖాస్తులో పిల్లలు లేరనో, సొంత ఇల్లనో అబద్ధం రాసినవారు అవతలివాళ్ల అబద్ధాన్ని కోర్టులో ఎత్తిచూపడం కష్టం.

అపోహ: ఇవన్నీ అమెరికా గొడవలు. మన దగ్గర కుక్క కోసం కోర్టేమిటి?

వాస్తవం: మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇందులో అమెరికాకేమీ తీసిపోదు. మోసాన్ని నిర్వచించే 17వ సెక్షన్‌లో ఉదాహరణగా ఇచ్చింది జంతువునే, ఒక జబ్బు గుర్రాన్ని. జబ్బు సంగతి తెలిసీ అమ్మేవాడు వేలంలో నోరు మెదపకపోతే, అంతమాత్రాన మోసం కాదంటుంది చట్టం. కొనేవాడు ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనుకుంటాను’ అని చెప్పాక కూడా అమ్మేవాడు ఊరుకుంటే, ఆ మౌనం ‘బాగుంది’ అన్న మాటతో సమానం. అలా మోసపోయినవారు 19వ సెక్షన్ కింద ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. అంటే హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా మీకు పనికొచ్చేది ముందే అడిగిన ప్రశ్న. పైసా తీసుకోకుండా ఇచ్చిన కుక్క విషయంలో మాత్రం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఉండదు. వినియోగదారుల చట్టం కింద వినియోగదారు కావాలంటే ప్రతిఫలం ఇచ్చి ఉండాలి.

మోసపోయామన్న కోపంతో కుక్కను రోడ్డు మీద వదిలేస్తే నేరం మీ మెడకే చుట్టుకుంటుంది. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద శిక్షార్హం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే, అది వేరే విడ్డూరం. అంతదాకా రాకుండా ఉండాలంటే, తీసుకునే ముందే ఇంతకుముందు ఏ జబ్బు చేసింది, ఎవరినైనా కరిచిందా, ఏ టీకాలు వేశారు అని వాట్సాప్‌లో అడగండి. జవాబు వచ్చాకే కుక్కను ఇంటికి తెచ్చుకోండి.